అరవైరెండు చీటీలు, ఒకటే మాట

ఫారాలక్క వీధంతా తిరిగి, అందరి ఫోన్లకీ వచ్చిన నంబర్లు అడిగి తీసుకుని, మనవాళ్ల మెయిళ్లన్నీ ఎవరికో అమ్మేసిందని ఒక మాట ఇప్పటికీ నడుస్తోంది. అది మొదట ఏ ఇంటి మెట్ల మీద పుట్టిందో తెలియక కాదు. పోనీలే అని ఊరుకుంటే, దానికి కాళ్లొచ్చి, చెప్పులు కూడా తొడుక్కుని పక్క వీధికి పోయింది. మొన్న కూరగాయల దగ్గర ముక్కూ మొహం తెలియని ఒకావిడ, "ఆ ఫోన్ల దొంగ ఉండేది మీ వీధిలోనేనట కదా" అని అడిగింది. ఇక ఊరుకోకూడదు. ఫారాలక్క తిరిగింది నిజం. కొన్ని ఇళ్లలో నంబర్లు అడిగిందీ నిజమే. అమ్మిందన్నది పచ్చి అబద్ధం. అంత గొడవ జరుగుతున్నా నోరెందుకు మెదపలేదన్నది మాత్రం, కంచు గొంతుతో ఆ ఇంటిని ఏలే ఆమె అత్తగారికి కూడా ఆఖరిదాకా తెలియలేదు.

ఫారాలక్కని అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇక్కడ లేరు. మేడమెట్ల కింద చిన్న గది ఆమె కొట్టు. లోపల ఒక కంప్యూటర్, దగ్గినట్టు శబ్దం చేసే ప్రింటర్, బయట ఒక బెంచీ. పరీక్ష ఫారం, ఉద్యోగం ఫారం, పింఛను కాగితం, రైలు టికెట్టు, కరెంటు మీటరు మీద పేరు మార్పు, ఏది కావాలన్నా అక్కడికే. అంతకుముందు ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో బస్తాల లెక్క టైపు చేసేది. అది మూతపడ్డాక వాళ్ల దగ్గరే పాత కంప్యూటర్ కొనుక్కుని ఇంటికి తెచ్చుకుంది. భర్త దూరాలకి లారీ నడుపుతాడు. నెలలో పదిరోజులుంటే ఎక్కువ. ఇంట్లో ఉండేది ఆమె, అత్తగారూ.

ఆమె పద్ధతి ఆమెది. పేరు టైపు చేశాక మూడుసార్లు పైకి చదువుతుంది. తర్వాత మనిషి చేత చదివిస్తుంది. ఆ తర్వాతే బటన్ నొక్కుతుంది. "ఒక్క అక్షరం తప్పితే మనిషే మారిపోతాడు" అంటుంది. ఎవరి కొడుకు ఏ పరీక్ష ఎన్నిసార్లు తప్పాడో, ఎవరు కాగితంలో నాలుగేళ్లు చిన్నవాళ్లో, ఎవరి పిల్ల ఇంట్లో చెప్పకుండా ఎక్కడి ఉద్యోగానికి పెట్టుకుందో, ఈ వీధి గురించి ఆమెకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఒక్క ముక్క ఆమె నోట్లోంచి రాబట్టినవాళ్లు లేరు. ప్రయత్నించక కాదు.

అత్తగారు పూర్తిగా వేరు. పొద్దున విన్న మాట మధ్యాహ్నం భోజనాలవేళకి వీధి చివర చేరకపోతే ఆవిడకి ఆయాసం. అన్ని కాగితాలు కోడలి చేతిలో నడుస్తుంటే, గోడకి ఇవతల కూర్చుని ఒక్కటీ తెలుసుకోలేకపోవడం ఆవిడకి పదకొండేళ్లుగా పెద్ద శిక్ష. "ఎవరొచ్చారే అమ్మాయ్?" అంటే కోడలు, "ఎవరో ఫారంకి వచ్చారత్తయ్యా" అంటుంది. అంతే.

ఇక చీటీల సంగతి. కొట్టు పెట్టిన కొత్తల్లో ఏ ఫారానికైనా మెయిల్ ఉండాలన్నారు. మనవాళ్లకి మెయిలంటే రైలు. ఫారాలక్కే కూర్చుని ఒక్కొక్కరికీ మెయిల్ పెట్టింది. మెయిల్‌కి పాస్‌వర్డ్ కావాలి. మొదట దర్జీ తన పాస్‌వర్డ్ నాలుగు రోజుల్లో మర్చిపోయాడు. ఇస్త్రీ పిన్ని రెండు రోజుల్లో మర్చిపోయింది. ఒకాయన భార్య పేరు పెట్టుకుని, ఇంగ్లీషులో ఏ అక్షరాలతో పెట్టాడో మర్చిపోయి, ఫారం గడువు దాటిపోయి, కొట్టు ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ రోజు ఫారాలక్క ఒక నిర్ణయానికి వచ్చింది. కొట్లో గోడ గడియారం మీద దాని కంపెనీ పేరుంటుంది. ఆ పేరు, పక్కన కొట్టు పెట్టిన సంవత్సరం. అదే అందరికీ పాస్‌వర్డ్. వీధి మొత్తానికి ఒకటే మాట.

ఒకటే అని ఎవరికీ చెప్పలేదు. ఎవరిది వాళ్లకి చిన్న చీటీ మీద రాసి, నాలుగు మడతలు పెట్టి, "ఇది మీ తాళంచెవి. ఇంట్లోవాళ్లకి కూడా చూపించొద్దు" అని చేతిలో పెట్టేది. ఏ మాటా దాచుకోలేరని పేరున్న మన వీధి ఆ ఒక్క చీటీని మాత్రం ప్రాణంలా దాచింది. కళ్లజోడు పెట్టెలో ఒకరు, చక్కెర డబ్బా అడుగున ఒకరు, ఫొటో ఫ్రేము వెనక ఒకరు. మొగుడి చీటీ పెళ్లాం చూడలేదు, పెళ్లాం చీటీ మొగుడు చూడలేదు. అలా అరవైరెండు చీటీలు అరవైరెండు చోట్ల పదకొండేళ్లు ఉన్నాయి. అన్నిట్లోనూ అదే మాట.

ఆ మంగళవారం కంప్యూటర్ మూలన ఒక ఎర్రగుర్తు వచ్చి కూర్చుంది. కిందటేడాది కొన్న యాంటీవైరస్ గడువు అయిపోయిందట, రక్షణ లేదట. ఫారాలక్క కంగారుపడింది. తన కోసం కాదు, ఆ పెట్టెలో ఇంతమంది కాగితాలున్నాయని. కంప్యూటర్లు బాగుచేసే మరిది ఊళ్లోనే అవతలి వైపు ఉన్నాడు. అడగొచ్చు. కానీ కిందటిసారి డబ్బు పోసి కొన్నానని చెబితే అతను పడిపడి నవ్వాడు. అందుకని తనే వెతికింది. 'మొదటి పది మంచి యాంటీవైరస్‌లు' అని ఒక పేజీ కనబడింది. పదింటికీ పక్కన చుక్కలు వేసి ఉన్నాయి. అందులో మూడు ఉచితం. మూడూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూసింది. మొదటిది కంప్యూటరంతా వెతికి ఏమీ లేదంది. రెండోది రెండు పట్టుకుంది. మూడోది నిమిషంలో నాలుగువందల పదమూడు పట్టుకుని, ఒక్కోదాన్ని ఎర్రగా వరసపెట్టి చూపించింది.

"చూశారా అత్తయ్యా, మొదటిది గుడ్డిది. ఇది చూడండి ఎలా పట్టేసిందో" అంది.

"అంత పట్టిందంటే గట్టి వైద్యుడే" అంది అత్తగారు తలుపు దగ్గర్నుంచి.

గట్టి వైద్యుడు ముందుగా, పాత కాపలా అంతా తీసేస్తే తప్ప తను పనిచేయలేనన్నాడు. ఫారాలక్క తీసేసింది. రకరకాల అనుమతులడిగాడు. అన్నిటికీ సరే అంది. చివరికి పచ్చటి డాలు బొమ్మ వచ్చి 'మీరు క్షేమం' అని రాసింది. ఆమె ఆ సాయంత్రం నిశ్చింతగా కొట్టు కట్టేసింది.

బుధవారం పొద్దున్నే దర్జీ మెడలో టేపుతోనే పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, నా మెయిల్ నుంచి మా బట్టల షావుకారుకి ఏవో ఫొటోలు చూడమని ఉత్తరం పోయిందట. ఆయన ఫోన్ చేసి తిడుతున్నాడు. నేను మెయిల్ తెరిచి ఆర్నెల్లయింది. నీ కొట్లో తప్ప నాకు తెరవడం కూడా రాదు."

ఫారాలక్క తెరవబోయింది. తెరుచుకోలేదు. ఎవరో మాట మార్చేశారు. అప్పుడు మరిదికి ఫోన్ చేసింది.

అతను వచ్చి కూర్చుని, ఐదు నిమిషాలు చూసి, ముందు ఇంటర్నెట్ వైరు పీకేశాడు. అత్తగారు చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది.

"వదినా, నిమిషంలో నాలుగువందలు పట్టిందంటే అది వైద్యుడు కాదు. లేని రోగాలు చూపించి ఇంట్లోకొచ్చిన దొంగ. ఏమీ లేదన్న మొదటిదే నిజం చెప్పింది."

"ఆ పేజీలో దీనికి ఐదు చుక్కలున్నాయి మరిదిగారూ."

"ఆ పేజీ రాసిందీ వీళ్లే, చుక్కలు పెట్టుకుందీ వీళ్లే. నాకో ఫోన్ కొడితే పోయేదిగా."

"నవ్వుతారని."

"నవ్వితే? నవ్వినందుకు నీ దగ్గర ఫీజు తీసుకుంటానా?" అని, ఆమె మొహం చూసి వేళాకోళం ఆపేశాడు. "దర్జీ మెయిల్ ఈ పెట్టెలో తెరిచే ఉండిపోయింది, అందుకే ముందు అది పోయింది. ఇందులో దాచిపెట్టినవన్నీ వాడికి చేరినట్టే. ఎంతమందివి ఉన్నాయి?"

"అరవైరెండు."

"అన్నీ మార్చాలి. ఈ పెట్టె మీద కాదు, వేరే ఫోన్ల మీద. పోనీలే, ఒక్కొక్కరిదీ ఒక్కో పాస్‌వర్డ్ కదా, వాడికీ కాస్త..." అని ఆగాడు. వదిన మాట్లాడటం లేదు. "ఒక్కో పాస్‌వర్డే కదా, వదినా?"

"ఒకటే" అంది ఫారాలక్క.

అతను చాలాసేపు నవ్వలేదు. తర్వాత కూడా నవ్వలేదు. పెట్టెని మొత్తం తుడిచి మొదటినుంచి పెట్టాలి, రెండు రోజులు పడుతుందని చెప్పి, పాత దుప్పటిలో చుట్టి ఆటోలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఎదురింటి వాకిట్లో ముగ్గురు నిలబడి చూస్తున్నారు. దుప్పటిలో చుట్టిన ఏ వస్తువైనా మన వీధికి మంచి వస్తువులా కనబడదు.

ఫారాలక్క అత్తగారిని లోపలికి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది. పెళ్లయి వచ్చాక కోడలు తలుపేసి మాట్లాడటం ఆవిడకి అదే మొదటిసారి.

"అత్తయ్యా, ఒకటే మాట అన్న సంగతి ఈ గది దాటకూడదు. అందరివీ మార్చేదాకా. ఎవరేమన్నా సరే. నా మీద ఒట్టు."

"నేనెవరికి చెబుతానే?" అంది అత్తగారు నొచ్చుకున్నట్టు. కోడలు ఆవిడ మొహంలోకే చూసింది. "సరే, ఒట్టు" అంది ఆవిడ.

అలా బుధవారం మధ్యాహ్నం ఇద్దరూ బయల్దేరారు. కోడలి చేతిలో ఫోనూ, పేర్ల కాగితమూ. అత్తగారు తోడు. దొంగ ఎక్కడున్నాడో తెలియదు, ఏ మెయిల్ దగ్గరున్నాడో తెలియదు. వాడి చేతిలో వీధి మొత్తం తాళంచెవి ఉంది. వీళ్లు ఇల్లిల్లూ మెట్లెక్కి దిగాలి.

మొదటి తొమ్మిదిళ్లలో ఫారాలక్క అలవాటు ప్రకారమే చేసింది. తన ఫోన్లో వాళ్ల మెయిల్ తెరిచేది. కొత్త ఫోన్ కాబట్టి, నువ్వేనా అంటూ అసలు మనిషి ఫోన్‌కి ఆరంకెల ఓటీపీ వచ్చేది. ఆమె అడిగేది, వాళ్లు చెప్పేవాళ్లు. కొట్లో పదకొండేళ్లుగా జరుగుతున్నదే. పదో ఇల్లు పోస్టు తాతది. ముప్పైఐదేళ్లు ఉత్తరాలు పంచి, ఒక్క కవరు తిప్పి కూడా చూడని మనిషి. ఆయనది బటన్ల ఫోన్. అది టింగుమంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి, ఫోన్‌ని జేబులో వేసుకున్నాడు.

"తాతగారూ, ఆ నంబరు చెప్పండి."

"నీ కొట్టు గోడ మీద కాగితం అంటించావు కదమ్మా. ఏం రాశావు?"

"ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని."

"ఎవరికీ అంటే అందులో నువ్వున్నావా లేవా?"

అత్తగారికి ఒళ్లు మండిపోయింది. "అన్నయ్యగారూ, మా కోడలినే అనుమానిస్తారా?"

"అనుమానం కాదమ్మా. ఆమె చెప్పిన మాటే నేను వింటున్నాను."

ఫారాలక్క మెట్లు దిగి, వీధిలో ఎండలో నిలబడిపోయింది. "ఆయన చెప్పిందే సరైనది. తొమ్మిదిళ్లలో తప్పు చేశాను. దొంగ అడిగేదే నేనూ అడిగాను. ఇక ఎవరి నంబరూ నేను వినను. వాళ్ల ఫోన్లో వాళ్ల వేలితో వాళ్లే మార్చుకోవాలి. నేను పక్కన నిలబడి ఎక్కడ నొక్కాలో చెబుతాను, అంతే" అంది.

దానికి ఇంటికి ఐదు నిమిషాలు పట్టేది పావుగంట అయింది. ఒకరికి కళ్లు కనబడవు, ఒకరికి వేలు ఆగదు, ఒకరు కొత్త పాస్‌వర్డ్‌గా మళ్లీ పాతదే పెట్టబోయారు. దర్జీది వెనక్కి తెచ్చుకున్నదీ కలిపి, చీకటి పడేలోగా ముప్పైఒకటి అయ్యాయి. అదే సమయానికి వీధిలో ఫోన్లు మోగడం మొదలైంది. ఎవరూ అడగని ఓటీపీలు. ఒకరికి వంట చేస్తుంటే వచ్చింది, ఒకరికి బస్సులో. దొంగ ఒక్కో తలుపూ తోసి చూస్తున్నాడన్నమాట. కానీ మనవాళ్లకి దొంగ తెలియదు. వాళ్లకి తెలిసిందల్లా, ఫారాలక్క ఓటీపీలు అడుగుతూ తిరుగుతోంది, అదే రోజు ఓటీపీలు వస్తున్నాయి. రెండూ కలిపి చూసుకున్నారు. ఎవరైనా చూసుకుంటారు.

అత్తగారు గురువారం పొద్దున ఇస్త్రీ బండి దగ్గరికి బట్టలు పట్టుకెళ్లింది. ఆవిడ రాగానే అక్కడి మాటలు ఆగిపోయాయి. మాటలు ఆగడమంటే ఏమిటో ఆవిడకి బాగా తెలుసు. ఎన్నో బండ్ల దగ్గర ఎవరో రాగానే ఆవిడే అలా మాటలు ఆపింది.

"ఏం వదినా, కంప్యూటర్‌ని దుప్పట్లో చుట్టి ఎటు పంపించారు?" అంది ఇస్త్రీ పిన్ని, పెట్టె చొక్కా మీద ఆనించి.

"బాగుచేయడానికి. మా చిన్నోడి దగ్గరికి."

"మరి మొన్నటిదాకా బాగున్న పెట్టెకి ఏమైంది? మా ఫోన్లకి నంబర్లెందుకొస్తున్నాయి? మీ కోడలు అడిగితే చెప్పదు. మా ఆయన అడిగితే, తర్వాత చెబుతానంది. తర్వాతంటే ఎప్పుడు, మా కాగితాలన్నీ పోయాకా?"

అత్తగారి నాలుక చివర ఉంది మాట. అందరిదీ ఒకటే పెట్టింది, పిచ్చిది, మీరు ఏడుస్తుంటే చూడలేక పెట్టింది, దాన్ని ఎవడో కొట్టేశాడు, దానికోసం అన్నం కూడా తినకుండా తిరుగుతోంది అని. అంతా చెప్పేస్తే ప్రాణం తేలికవుతుంది. కోడలి మీద వేసిన ఒట్టు అడ్డం పడింది. బట్టలు అక్కడే పడేసి వచ్చేసింది. దారంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకునే నడిచింది.

ఆ మధ్యాహ్నానికి ఇంకో ఇరవై పూర్తయ్యాయి. మిగిలినవి పదకొండు. ఆ పదకొండిళ్లూ తలుపు తీయడం మానేశాయి. లోపల ఫ్యాను తిరుగుతుంటుంది, చెప్పులు బయటే ఉంటాయి, పిలిస్తే పలకరు. నాలుగు గంటలకి వాళ్లే కట్టగట్టుకుని కొట్టు ముందుకొచ్చారు. ముందర ఇస్త్రీ పిన్ని, వెనక నర్సమ్మాయి. ఆ పిల్లకి పెద్దాసుపత్రి నుంచి ఉద్యోగం పిలుపు ఆ మెయిల్‌కే రావాలి. ఇంకా ఎనిమిదిమంది. అందరికంటే చివర పోస్టు తాత, ఎవరి పక్కనా చేరకుండా.

"ఏం జరిగిందో చెప్పు. ఇప్పుడే, అందరి ముందూ" అంది పిన్ని.

"నా కంప్యూటర్లోకి దొంగ వచ్చాడు పిన్నీ. తప్పు నాది. మీ పాస్‌వర్డ్‌లు వాడి దగ్గరున్నాయి. ముందు మార్చుకోండి."

"ఒక్క దర్జీదే పోతే, నువ్వు అందరిళ్లకీ ఎందుకు తిరుగుతున్నావు? మాదీ పోయిందని నీకెలా తెలుసు? ఏదో దాస్తున్నావు."

"దాస్తున్నాను" అంది ఫారాలక్క.

అత్తగారు ఇక ఆగలేకపోయింది. మెట్టు దిగి ముందుకొచ్చింది. "ఏమే, పదకొండేళ్లలో మీ మాట ఒక్కటి బయటపెట్టిందా ఇది? అసలు సంగతేమిటో నేను చెబుతాను. మీ అందరిదీ..."

కోడలు మణికట్టు పట్టుకుంది. గట్టిగా, గాజులు నొక్కుకునేలా. "అత్తయ్యా, మీరు వెళ్లి టీ పెట్టండి."

ఆ ఇంట్లో ఆవిడకి ఒకరు పని చెప్పడం అదే మొదలు. ఆవిడ నోరు అలాగే తెరిచి ఉండిపోయింది. తర్వాత మూసుకుంది. టీ పెట్టడానికి మాత్రం వెళ్లలేదు.

అప్పుడు పోస్టు తాత గొంతు సవరించుకున్నాడు. "నిన్న నేను నంబరు చెప్పనంటే, రెండోసారి అడగకుండా మెట్లు దిగిపోయింది. అది దొంగ లక్షణం కాదు. అమ్మాయ్, నువ్వు మా ఫోన్లు ముట్టుకోకుండా ఇది జరుగుతుందా?"

"జరుగుతుంది. నేను గుమ్మంలోనే ఉంటాను. ఏం చేయాలో ఒక్కోటి కాగితం మీద రాశాను. మీరు చదవండి, వాళ్లు చేస్తారు."

అలా పదిమంది బెంచీ మీదా మెట్ల మీదా ఇరుక్కుని కూర్చున్నారు. తాత కళ్లజోడు సర్దుకుని, ఉత్తరం చదివినట్టు నిదానంగా చదివాడు. "సెట్టింగులు నొక్కాలి. నొక్కారా? కింద భద్రత అని ఉంటుంది. ఇప్పుడు పాత పాస్‌వర్డ్ కొట్టాలి."

చీటీలు బయటికొచ్చాయి. రవికల్లోంచి, పర్సుల్లోంచి, కళ్లజోడు పెట్టెల్లోంచి. భుజానికి భుజం తగులుతూ కూర్చున్న పదిమంది, ఎవరి చీటీకి వాళ్లు అరచేయి అడ్డం పెట్టుకుని, పక్కవాళ్లకి కనబడకుండా ఒక్కో అక్షరం కొడుతున్నారు. అందరూ అదే అక్షరాలు. అత్తగారు మెట్టు మీద నిలబడి చూస్తోంది. పైనుంచి ఆవిడకి రెండు చీటీలు బాగానే కనబడుతున్నాయి. పిన్ని ఒక్కసారి మెడ అటు తిప్పితే చాలు. పిన్ని మెడ ఎప్పుడూ ఒకచోట ఉండేది కాదు. అత్తగారు వెళ్లి ఇద్దరి మధ్యా నిలబడింది, నీడ కోసమన్నట్టు.

"అక్కా" అంది నర్సమ్మాయి. "నా ఫోన్‌కి ఓటీపీ వచ్చింది. నేనేమీ నొక్కలేదు."

ఫారాలక్క గుమ్మంలోంచి కదలలేదు. "వాడు నీ తలుపు దగ్గరే ఉన్నాడు. ఆ నంబరు ఎవరికీ చెప్పకు. ముందు పాత పాస్‌వర్డ్ కొట్టు, తొందరగా."

"నా చీటీ లేదక్కా. యూనిఫాం జేబులో పెట్టి ఉతికేశాను. ఎప్పుడో పోయింది. నువ్వు చెప్పు."

"చెప్పవేం?" అంది పిన్ని తలెత్తి. "పెట్టె లేకుండా, లిస్టు లేకుండా ఎలా చెబుతుందో చూద్దాం. అరవైరెండు మాటలూ నోటికి వచ్చా నీకు?"

ఫారాలక్క పెదవులు కదిలి ఆగిపోయాయి. ఒక్క మాట పలికితే ఆ పిల్ల తలుపు మూసుకుంటుంది. పలికితే మాత్రం, చీటీలు పట్టుకుని కూర్చున్న వాళ్లందరూ వింటారు. నర్సమ్మాయి ఫోన్ మళ్లీ టింగుమంది. వాడు రెండోసారి తోస్తున్నాడు.

"పాతదానితో పని లేదు" అంది ఫారాలక్క. "కింద 'మర్చిపోయాను' అని ఉంటుంది, అది నొక్కు. ఇప్పుడు ఇంకో నంబరు వస్తుంది. ముందొచ్చిన రెండూ వాడు రప్పించినవి, వాటిని కొట్టకు. కొత్తగా వచ్చే మూడోది నీది."

మూడోది రాలేదు. పదిమందీ ఆ పిల్ల చేతిలోని ఫోన్ వైపే చూస్తున్నారు. ఇస్త్రీ పిన్ని తన చీటీ సంగతి మర్చిపోయి ఒళ్లో పడేసింది. అత్తగారు మెల్లగా వంగి, దాన్ని మడతపెట్టి మళ్లీ పిన్ని గుప్పిట్లో పెట్టింది. ఫోన్ మోగింది.

"వచ్చింది" అంది నర్సమ్మాయి. తొందరలో ఒకసారి తప్పు కొట్టింది. రెండోసారి సరిగ్గా కొట్టింది. "కొత్తది పెట్టమంటోందక్కా."

"ఎవరికీ తట్టని నాలుగు మాటలు పక్కపక్కన పెట్టుకో. నాకు చెప్పకు. తర్వాత 'మిగతా అన్నిచోట్లా బయటికి పంపు' అని అడుగుతుంది. అవునను."

పెట్టుకుంది. అవునంది. ఆ తర్వాత చాలాసేపు ఆ ఫోన్ మోగలేదు. మిగతావాళ్లవి కూడా అయ్యాయి. చివరికి పోస్టు తాతది, మరిది పంపిన శుభ్రమైన ఫోన్లో, తాతే ఆరంకెలూ చూసి తాతే కొట్టుకున్నాడు. ఫారాలక్క అటువైపు తిరిగి నిలబడింది.

అందరూ లేచి ఎవరిళ్లకి వాళ్లు పోయారు. ఇస్త్రీ పిన్ని మాత్రం, "ఏదో ఉంది. చెప్పదు" అని వెళ్లింది. ఆ 'ఏదో'నే ఇప్పుడు చెప్పులేసుకుని తిరుగుతున్నది.

శుక్రవారం సాయంత్రం మరిది పెట్టె తెచ్చి బిగించాడు. ఈసారి ఫారాలక్క పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ప్రతిదీ మూడుసార్లు అడిగింది. కంప్యూటర్‌తో పాటు వచ్చిన కాపలా ఒకటి అందులోనే ఉంది, ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకుంటే మామూలు వాడకానికి అది చాలు, ఇంతమంది కాగితాలు చూస్తావు కాబట్టి కావాలంటే ఇంకోటి కొనుక్కో, కానీ తయారుచేసేవాళ్ల సొంత పేజీలోంచే కొను, ఏ రెండూ ఒకేసారి నడపకు, భయపెట్టే ఎర్రబొమ్మ ఏది వచ్చినా నొక్కకు అని అతను చెప్పాడు. "ఏ కాపలా కొన్నా, వదినా, అరవైరెండుమందికి ఒకటే తాళంచెవి పెడితే అదేం చేయలేదు" అని కూడా అన్నాడు. ఆమె తలూపింది. మెయిల్ పేర్ల లిస్టు మళ్లీ పెట్టొద్దంది. ఇక ముందు ఎవరి పాస్‌వర్డ్ వాళ్లే కొట్లోకొచ్చి కొట్టుకోవాలి, తను మొహం తిప్పుకుంటుంది.

అతను వెళ్లాక అత్తగారు కోడలి వెనకే స్టూలు మీద కూర్చుంది. మూడు రోజులుగా లోపల కుక్కిపెట్టుకున్నదంతా మొహంలో ఉబ్బి ఉంది.

"ఇప్పుడైనా చెప్పు. వాళ్లందరి ముందూ నన్ను టీ పెట్టమన్నావు. పోనీ, అది వదిలేశాను. అందరిదీ ఒకటే పెట్టాను, నా బుద్ధి గడ్డి తిన్నది అని ఒక్క మాట అంటే ఏం పోయేది? నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాళ్లు. దొంగ అనిపించుకోవడం కంటే తెలివితక్కువది అనిపించుకోవడం నయం కాదా? నా నోరెందుకు కట్టేశావు?"

ఫారాలక్క ప్రింటర్ మీద దుమ్ము తుడుస్తూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"అన్నీ మారేదాకా పాత మాటే పనిచేస్తుంది, ఎవరి చీటీ వాళ్ల దగ్గరే ఉంది కదా అత్తయ్యా. అందరిదీ ఒకటే అని నేనో మీరో అన్న క్షణం, చీటీ ఉన్న ప్రతివాళ్ల చేతిలోనూ పక్కింటి తాళంచెవి ఉన్నట్టే. మనవాళ్లు దొంగలు కారు, నాకు తెలుసు. కానీ పక్కింటివాళ్ల ఉత్తరాలు ఒక్కసారి తెరిచి చూడొచ్చని తెలిశాక, చూడకుండా ఊరుకునేదెవరో మీరే చెప్పండి. మీరు ఊరుకునేవారా?"